ఖరీదైన హెడ్‌ఫోన్లను, ఇయర్‌ఫోన్లను పరీక్షించి సమీక్ష రాయడం ఎలా

వరంగల్, కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ వంటి ఊళ్లలో ఉండి యాభై వేలో లక్షో పెట్టి హెడ్‌ఫోన్ కొనదలచినవారు చాలాసార్లు దానిని ఒక్కసారైనా చెవికి పెట్టుకోకుండానే కొంటారు. హైదరాబాదు దాకా వెళ్లినా తాము ఎంచుకున్న మోడలే వినడానికి దొరుకుతుందన్న భరోసా వారికి ఉండదు. అందువల్ల వారికి మిగిలే ఆధారం మీరు రాసే సమీక్ష. మనం పరికరపు ధ్వని అని చెప్పేదానిలో నిజానికి చాలా కలిసి ఉంటాయి: ఎంత గట్టిగా విన్నాం, చెవికి ఎలా అమరింది, ఏ ఆంప్లిఫయర్‌కు తగిలించాం, ఆ రికార్డింగు ఎలాంటిది, గదిలో ఎంత చప్పుడు ఉంది అన్నవన్నీ అందులో చేరతాయి. వీటిని ఒక్కొక్కటిగా వేరు చేసి, మిగిలినది మాత్రమే పరికరానిదని చెప్పగలగడమే సమీక్షకుని పని. ఆ పనిని ఏ క్రమంలో చేయాలో ఇక్కడ వివరిస్తాను.

పెట్టె విప్పే ముందు

ఆ పరికరం మీ చేతికి ఎలా వచ్చిందో ముందుగా ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. సొంత డబ్బుతో కొన్నారా, మిత్రుని దగ్గర తీసుకున్నారా, కంపెనీవారు లేదా దుకాణదారు పంపారా, తిరిగి ఇచ్చేయాలా అన్న వివరాలు సమీక్ష మొదటి పేరాలోనే ఉండాలి. వాడిన వస్తువైతే ప్యాడ్లు ఎంత అణగిపోయాయో, ఇయర్‌ఫోన్ నాళం చివర ఉండే జల్లెడ శుభ్రంగా ఉందో లేదో కూడా చూడాలి. అణగిన ప్యాడ్ వల్ల చెవికీ, లోపల ధ్వని పుట్టించే డ్రైవర్‌కూ మధ్య దూరం తగ్గి ధ్వని మారుతుంది, గులిమి పట్టిన జల్లెడ వల్ల పై స్థాయులు, అంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీ ధ్వనులు, మందగిస్తాయి. ఈ రెండూ పరికరపు దోషాలు కావు. మొదటిసారి వినేదాకా ఇతరుల సమీక్షలు చదవవద్దని నా గట్టి అభిప్రాయం. ఒకసారి ఎవరైనా 'గాత్రం వెనక్కి పోయింది' అన్నారని తెలిశాక, ఆ గాత్రం మీకు ముందుకు వినిపించడం కష్టం.

మీ చెవులను తెలుసుకోండి

ఆరోగ్యమైన యువకులకు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వినిపిస్తుందని పుస్తకాలు చెబుతాయి. వయసు పెరిగేకొద్దీ పై అంచు కిందికి దిగుతుంది, యాభై దాటినవారిలో చాలామందికి 12,000 హెర్ట్జ్ పైన పెద్దగా ఏమీ వినపడదు. ఇది సమీక్ష రాయడానికి అనర్హత కాదు, కానీ మీ పరిమితి మీకు తెలియాలి. టోన్ జనరేటర్ ఆప్ ఒకటి ఫోన్‌లో వేసుకొని, తక్కువ శబ్దంతో మొదలుపెట్టి, ఎక్కడిదాకా వినిపిస్తుందో రాసుకోండి. వినిపించడం లేదని శబ్దం పెంచుకుంటూ పోకండి, అది చెవికి ప్రమాదం. వీలైతే చెవి వైద్యుని దగ్గర ఆడియోమెట్రీ చేయించుకోండి. సాధారణంగా ఆ పరీక్ష 250 నుంచి 8,000 హెర్ట్జ్ వరకే జరుగుతుంది, అయినా సంగీతంలో ముఖ్యమైన భాగమంతా ఆ పరిధిలోనే ఉంది గనుక రెండు చెవుల మధ్య తేడా ఉంటే అందులో బయటపడుతుంది.

ఆ తేడాను ఇంట్లోనే గుర్తించే సులువైన పద్ధతి ఒకటి ఉంది. ఒక మోనో రికార్డింగు పెట్టండి. గాత్రం సరిగ్గా తల మధ్యలో నిలవాలి. అది ఎడమకు ఒరిగినట్టు తోస్తే హెడ్‌ఫోన్‌ను కుడిఎడమలు తారుమారు చేసి పెట్టుకోండి. ఇప్పుడు గాత్రం కుడికి ఒరిగితే తేడా హెడ్‌ఫోన్‌లో ఉన్నట్టు, ఎడమకే ఉండిపోతే తేడా మీ చెవిలో ఉన్నట్టు. జలుబు చేసిన రోజుల్లో, గులిమి పేరుకున్నప్పుడు అసలు తీర్పు చెప్పే పని పెట్టుకోవద్దు.

చోటు, వేళ

మన ఇళ్లలో నిశ్శబ్దం దొరికే వేళలు తక్కువ. పగలు సీలింగ్ ఫ్యాను, ఎండాకాలంలో కూలర్, వీధిలో ఆటోలు, పక్క సందులో గిర్నీ, కాజీపేట వైపు ఉండేవారికి రైలు కూతలు ఉండనే ఉంటాయి. వెనుకవైపు తెరిచి ఉండే ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్లు బయటి శబ్దాన్ని దాదాపు ఆపవు. ఫ్యాను గాలి హోరు తంబూరా శ్రుతి చివరి అనునాదాన్ని, గాయని ఊపిరి తీసుకున్న చప్పుడును మింగేస్తుంది. అది వినిపించలేదని హెడ్‌ఫోన్ మీద నింద వేస్తే అన్యాయం అవుతుంది. కనుక సూక్ష్మాలకు సంబంధించిన పరీక్షలన్నీ రాత్రి పదకొండు తర్వాత గానీ తెల్లవారుజామున గానీ, ఫ్యాను ఆపి, చేయండి. మే నెలలో అది కష్టమే, అప్పుడు చిన్న చిన్న విడతలుగా వినండి. చెమట పట్టిన చెవితో గంటసేపు విన్నదానికంటే ప్రశాంతంగా పావుగంట విన్నది నమ్మదగినది.

కరెంటు సంగతి కూడా చూసుకోవాలి. ల్యాప్‌టాప్‌కు తగిలించిన డాక్‌లో (డిజిటల్ ఫైలును ధ్వని సంకేతంగా మార్చే పరికరంలో) సన్నని గుయ్‌మనే మోత వస్తే ముందుగా చార్జర్ తీసి చూడండి. మోత ఆగిపోతే దోషం చార్జర్‌లోనో, ఎర్తింగ్ లేని సాకెట్‌లోనో ఉంటుంది. ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు బల్ల మీది ఆంప్లిఫయర్‌ను అంచనా వేయకండి.

చెవికి అమరిక

సమీక్షల మధ్య కనిపించే వైరుధ్యాలలో ఎక్కువ భాగం ఇక్కడే పుడుతుందని నేను నమ్ముతాను. ఇయర్‌ఫోన్ చెవి నాళాన్ని పూర్తిగా మూయకపోతే మంద్రం (బేస్) కారిపోతుంది, అలాంటి స్థితిలో ఎంతటి పరికరమైనా పలచగా పలుకుతుంది. దీన్ని పరీక్షించడానికి 50 హెర్ట్జ్ టోన్‌ను చిన్న శబ్దంతో పెట్టి, ఇయర్‌ఫోన్‌ను వేలితో మెల్లగా లోపలికి నొక్కండి. నొక్కినప్పుడు టోన్ బలపడితే మూత సరిగ్గా లేదని అర్థం. పెట్టెలో వచ్చిన, చెవిలోకి వెళ్లే సిలికాన్ టిప్పులన్నీ, ఫోమ్ టిప్పులూ మార్చి చూడండి. రెండు చెవులకు వేర్వేరు సైజులు అవసరం కావడం మామూలే. ఏ టిప్పుతో విన్నారో సమీక్షలో రాయండి, ఎందుకంటే టిప్పు మారినా, అది లోపలికి వెళ్లే లోతు మారినా పై స్థాయుల్లో వచ్చే శిఖరం తన చోటు మార్చుకుంటుంది.

పెద్ద హెడ్‌ఫోన్ల విషయంలో కళ్లద్దాల కాడ, జడ, చెవి కమ్మలు, ప్యాడ్ కింద సందు చేస్తాయి. వెనుక మూసి ఉండే క్లోజ్డ్ బ్యాక్ రకాల్లో ఆ సందు వల్ల మంద్రం స్పష్టంగా తగ్గుతుంది. మీరు కళ్లద్దాలు పెట్టుకునేవారైతే పెట్టుకొని ఒకసారి, తీసి ఒకసారి వినండి. బరువును కంపెనీ చెప్పిన అంకెతో సరిపెట్టకుండా మీరే తూచండి. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 సుమారు 260 గ్రాములు ఉంటుంది, అయస్కాంతాల మధ్య పలుచని పొర కదిలి పలికే పెద్ద ప్లానర్ మాగ్నెటిక్ హెడ్‌ఫోన్లలో కొన్ని 500 గ్రాములు దాటుతాయి. అయితే బరువొక్కటే సుఖాన్ని నిర్ణయించదు. తలపట్టీ ఆ బరువును ఎలా పంచుతుంది, దవడ మీద ఎంత పట్టు ఉంది, చెవి అంచు లోపలి గుడ్డకు తగులుతుందా అన్నవి రెండు గంటల తర్వాతే తెలుస్తాయి. తోలు ప్యాడ్లకూ మఖమలు ప్యాడ్లకూ మన ఎండల్లో చాలా తేడా ఉంటుంది. చలిదేశాల్లో రాసే సమీక్షల్లో ఆ మాట దాదాపు కనిపించదు కనుక మీరు తప్పక రాయాలి.

శబ్ద స్థాయిని సమం చేయడం

రెండు పరికరాలను పోల్చేటప్పుడు రెండవది ఒక్క డెసిబెల్ గట్టిగా పలికినా అదే మెరుగైనదనిపిస్తుంది. గట్టిగా ఉందని అనిపించదు. తేటగా ఉందని, నిండుగా ఉందని, ప్రాణం ఉందని అనిపిస్తుంది. దీనికి కారణం చెవి నిర్మాణంలోనే ఉంది. తక్కువ శబ్దంలో మన చెవి మంద్ర స్థాయులను సరిగా పట్టుకోదని, శబ్దం పెరిగేకొద్దీ ఆ లోటు తీరుతుందని 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు కొలిచి చూపారు. కనుక శబ్ద స్థాయులు సమం చేయకుండా చేసిన పోలికను పోలికగా లెక్కించవద్దు.

ఒకే హెడ్‌ఫోన్‌తో రెండు డాక్‌లను లేదా ఆంప్లిఫయర్లను పోల్చడం తేలిక. హెడ్‌ఫోన్ తగిలించి ఉండగానే అవుట్‌పుట్ దగ్గర మల్టీమీటర్‌తో ఏసీ వోల్టేజి చూడండి. సాధారణ మల్టీమీటర్లు 50 హెర్ట్జ్ దరిదాపుల్లోని ఏసీ కోసం చేసినవి కాబట్టి 60 లేదా 100 హెర్ట్జ్ టోన్ వాడండి. ఒకదానిలో 300 మిల్లీవోల్టులు చూపితే రెండవదానిలో 297కూ 303కూ మధ్య వచ్చేలా శబ్దాన్ని సరిచేస్తే తేడా 0.1 డెసిబెల్ లోపలే ఉంటుంది. మీటర్ ముళ్లు ప్లగ్గులో రెండు చోట్ల ఒకేసారి తగిలితే షార్టు అవుతుంది. అందుకే ఒక పాత తీగ కోసి కొలత కోసం విడిగా తయారు చేసుకోవడం మేలు.

రెండు వేర్వేరు హెడ్‌ఫోన్లను పోల్చడం ఇంత కచ్చితంగా సాధ్యం కాదు. ఒకదానికి మంద్రం ఎక్కువ, మరొకదానికి తారం (ట్రెబుల్) ఎక్కువ ఉన్నప్పుడు ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర సమం చేయాలన్న ప్రశ్న వస్తుంది. గాత్రం ఉండే మధ్యస్థాయిని ప్రమాణంగా తీసుకోండి. మందపాటి అట్టకు రంధ్రం చేసి, అందులో చౌక సౌండ్ మీటర్ మైకును అమర్చి, హెడ్‌ఫోన్‌ను అట్టకు ఆనించి పింక్ నాయిస్ (అన్ని ఫ్రీక్వెన్సీలూ కలిసిన హోరు) వినిపిస్తే రెండింటి మధ్య సుమారైన సమానత వస్తుంది. ఆ తర్వాత మీకు బాగా తెలిసిన ఒక గాత్రంతో చెవి ద్వారా సరిచూసుకోండి. ఇది సుమారు పద్ధతేనని సమీక్షలో చెప్పండి.

పనిలో పనిగా మీరు మామూలుగా ఎంత శబ్దంలో వింటారో కూడా తెలుసుకోండి. పెద్దలు వారానికి 40 గంటలు వింటే 80 డెసిబెళ్లు దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. 3 డెసిబెళ్లు పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది, అంటే 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10 గంటలు. సమీక్ష కోసం రోజుల తరబడి వినేవారికి ఈ లెక్క చాలా అవసరం.

ఆంప్లిఫయర్, డాక్, డాంగిల్

హెడ్‌ఫోన్ ఓమ్‌లను, అంటే విద్యుత్తుకు అది చూపే నిరోధాన్ని (ఇంపిడెన్స్‌ను), మాత్రమే చూసి 'దీనికి ఆంప్ కావాలి' అని రాయడం చాలదు, సున్నితత్వంతో కలిపి లెక్క వేయాలి. 1 మిల్లీవాట్‌కు 100 డెసిబెళ్లు పలికే 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు ఆ స్థాయి చేరడానికి సుమారు 0.18 వోల్టు చాలు. అదే సున్నితత్వం ఉన్న 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు 0.55 వోల్టు కావాలి. డోలు దెబ్బ వంటి ఆకస్మిక శిఖరాల కోసం మరో 10 డెసిబెళ్లు కావాలంటే వోల్టేజి మూడు రెట్లకు పైగా పెరిగి, మొదటిదానికి 0.57, రెండవదానికి 1.73 వోల్టులు అవుతుంది. 1 వోల్టు మాత్రమే ఇచ్చే, ఫోన్‌కు తగిలించే చిన్న డాంగిల్ మొదటిదాన్ని హాయిగా నడుపుతుంది, రెండవదాని దగ్గర అలసిపోతుంది. అలాగని తక్కువ ఓమ్‌లు ఉన్నవన్నీ తేలికగా నడుస్తాయనుకోకూడదు. హైఫైమాన్ సుస్వారా 60 ఓమ్‌లే, కానీ దాని సున్నితత్వం 83 డెసిబెళ్లే కనుక 103 డెసిబెళ్ల శిఖరానికి 100 మిల్లీవాట్లు, అంటే సుమారు 2.4 వోల్టులు, 41 మిల్లీఆంపియర్లు అందించాలి.

ఇయర్‌ఫోన్లలో మరో చిక్కు ఉంది. బాలెన్స్‌డ్ ఆర్మేచర్ అనే అతి చిన్న రకం డ్రైవర్లు ఉన్నవాటి ఇంపిడెన్స్ ఫ్రీక్వెన్సీని బట్టి బాగా మారుతుంది. ఒక చోట 8 ఓమ్‌లు, మరో చోట 40 ఓమ్‌లు ఉన్న ఇయర్‌ఫోన్‌ను 10 ఓమ్‌ల అవుట్‌పుట్ ఇంపిడెన్స్ (ప్లేయర్ సొంత లోపలి నిరోధం) ఉన్న ప్లేయర్‌కు తగిలిస్తే ఆ రెండు చోట్ల మధ్య సుమారు 5 డెసిబెళ్ల తేడా కొత్తగా పుడుతుంది. అదే ఇయర్‌ఫోన్‌ను అర ఓమ్ ప్లేయర్‌కు తగిలిస్తే ఆ తేడా 0.4 డెసిబెల్ మాత్రమే. ఒకరు 'మంద్రం లేదు' అని, మరొకరు 'తారం మొద్దుబారింది' అని ఒకే ఇయర్‌ఫోన్ గురించి రాసినప్పుడు ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. హెడ్‌ఫోన్ ఇంపిడెన్స్‌లో ఎనిమిదో వంతుకు మించని అవుట్‌పుట్ ఇంపిడెన్స్ ఉన్న ప్లేయర్‌నే ప్రధాన పరీక్షకు వాడండి. రెండవ ప్లేయర్‌తో కూడా విని, తేడా ఉంటే రాయండి.

ఏమి వినాలి

మీకు కంఠస్థంగా తెలిసిన రికార్డింగులు పది, పన్నెండు చాలు. వాటిని మార్చకుండా ఏళ్ల తరబడి వాడితేనే ఈ సంవత్సరం విన్న పరికరాన్ని పోయిన సంవత్సరం విన్నదానితో పోల్చగలుగుతారు. ఫైళ్లు నష్టం లేని ఫార్మాట్‌లో ఉండాలి. సీడీ ప్రమాణమైన 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్ సరిపోతుంది. ఎన్నోసార్లు కుదించి తిరిగి ఎక్కించిన వీడియోల ధ్వనితో పరీక్షించవద్దు. ఒకే పాట రెండు వేర్వేరు మాస్టరింగుల్లో (విడుదలకు ముందు చేసే తుది ధ్వని సవరణల్లో) దొరుకుతుంది కనుక ఎప్పుడూ ఒకే ఫైలు వాడాలి.

ముందుగా గాత్రం వినండి. పుట్టినప్పటి నుంచి వింటున్నది గనుక తెలుగు ఉచ్చారణలో చిన్న తేడా కూడా మన చెవి పట్టేస్తుంది. ష అక్షరపు శక్తి ఎక్కువగా 2,500 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య, స అక్షరపు శక్తి 5,000 పైన ఉంటుంది. స మాత్రమే ఈల వేసినట్టు గుచ్చుతూ ష మామూలుగా ఉంటే 7,000, 8,000 హెర్ట్జ్ దగ్గర శిఖరం ఉందని అనుమానించవచ్చు. ష, చ కూడా గట్టిపడి గాయని అరుస్తున్నట్టు తోస్తే 3,000 హెర్ట్జ్ ప్రాంతం పెరిగినట్టు. రెండు అక్షరాలూ మెత్తబడి మాట ముద్దగా వస్తే ఆ ప్రాంతమంతా తగ్గినట్టు. రికార్డింగులోనే స గుచ్చుతూ ఉండవచ్చు కాబట్టి మరో హెడ్‌ఫోన్‌లో సరిచూడకుండా తీర్పు చెప్పకండి.

తర్వాత డప్పు. పరీక్షా వాద్యంగా దీనికి సాటి వచ్చేది నాకు మరొకటి కనిపించలేదు. కుడిచేతి సిర్ర పడినప్పుడు చర్మం నిండా లేచే నిండైన దెబ్బ, ఎడమచేతి సిటికెన పుల్ల వేసే చురుకైన చప్పుడు, ఒకే వాద్యంలో రెండు దూరపు స్థాయుల్లో పక్కపక్కన ఉంటాయి. మంద్రం ఉబ్బిన హెడ్‌ఫోన్‌లో సిర్ర దెబ్బ తర్వాత మోత మిగిలిపోయి సిటికెన పుల్లను కప్పేస్తుంది. తారం ఎక్కువైనదానిలో పుల్ల చప్పుడు రేకు మీద కొట్టినట్టు వస్తుంది, చర్మం ఉన్నట్టే అనిపించదు. నిప్పుల దగ్గర కాచి బిగించిన డప్పును దగ్గరి నుంచి విన్నవారికి ఈ రెండూ ఎలా ఉండాలో ఎవరూ చెప్పనక్కరలేదు. ఒగ్గు కథలోని డోళ్లు, తాళాలు కూడా ఇలాగే పనికి వస్తాయి. చాలా డోళ్లు ఒకేసారి మోగుతున్నప్పుడు కథకుని మాట విడిగా వినిపిస్తుందా అన్నది చూడండి.

తంబూరాలో తీగెకూ బ్రిడ్జికీ మధ్య పెట్టే సన్నని దారం వల్ల అనుస్వరాలు (మూల స్వరంతో పాటు పుట్టే పై స్వరాలు) ఒకదాని తర్వాత ఒకటి వికసిస్తాయి. మంచి పరికరంలో వాటిని విడివిడిగా వెంబడించవచ్చు, మామూలు పరికరంలో అవి ఒకే జుమ్ముమనే శబ్దంగా కలిసిపోతాయి. వీణలో గమకం తర్వాత స్వరం ఆరిపోయే తీరును, పక్క తాళపు తీగెల మెరుపును వినండి. మృదంగంలో ఎడమవైపు గుంకారం, కుడివైపు శ్రుతి కలిసిన నాదం రెండూ ఉన్నాయా చూడండి. కింది అంచున ఉండే 20 నుంచి 60 హెర్ట్జ్ స్థాయికి మాత్రం మన సంప్రదాయ వాద్యాలు అంతగా సాయపడవు. దానికి ఎలక్ట్రానిక్ సంగీతమో, పైప్ ఆర్గన్ రికార్డింగో కావాలి.

ఇక అన్నిటికంటే విలువైన సలహా. రెండు మైకులు ఉన్న చిన్న రికార్డరుతో మీ సొంత రికార్డింగులు చేసుకోండి. ఇంట్లో అమ్మ మాట్లాడుతుండగా, ఊరి డప్పు బృందం వాయిస్తుండగా, బతుకమ్మ చుట్టూ ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ తిరుగుతుండగా, వారి అనుమతితో రికార్డు చేయండి. అసలు ధ్వనిని మీరు అక్కడ నిలబడి విన్నారు కనుక, స్టూడియో పాటల విషయంలో ఎన్నటికీ దొరకని ప్రమాణం మీ చేతిలో ఉంటుంది. బతుకమ్మ వలయం ఇందుకు ఎంతో అనువైనది. చప్పట్లు పదునైన క్షణిక శబ్దాలు, ముందున్న గొంతుకూ ఆవలి వైపు గొంతుకూ దూరంలో తేడా ఉంటుంది, వలయం తిరుగుతున్నకొద్దీ ఒక్కో గొంతు ఎడమ నుంచి కుడికి కదులుతుంది. ఆ కదలిక నడిమధ్య తెగకుండా సాగుతుందా, దూరం గొంతులు దూరంగానే ఉన్నాయా అన్నదే సమీక్షల్లో సౌండ్‌స్టేజ్ అని రాసేదానికి నిఖార్సైన పరీక్ష. చవక మైకుకు పరిమితులు ఉంటాయి, అవి అన్ని హెడ్‌ఫోన్లకూ ఒకేలా వర్తిస్తాయి కనుక పోలికకు అడ్డు రావు.

పక్కపక్కన పెట్టి పోల్చడం

మీ దగ్గర ఎప్పుడూ ఒక ప్రమాణ హెడ్‌ఫోన్ ఉండాలి. అది ఖరీదైనది కానక్కరలేదు, చదివేవారిలో ఎక్కువమందికి తెలిసినదై ఉండాలి. 1997లో వచ్చిన హెచ్‌డీ 600 ఇంకా ఆ స్థానంలో ఉండటానికి కారణం ఇదే. కొత్త పరికరాన్ని ముందుగా కొన్ని రోజులు విడిగా వినండి, తర్వాత ఒకే పాటలోని ఇరవై సెకన్ల భాగాన్ని రెండింటిలోనూ మార్చి మార్చి వినండి. చిన్న ముక్కల పోలికలో స్వరస్థాయి తేడాలు తెలుస్తాయి, అలసట, విసుగు, ఇష్టం పొడవాటి వినికిడిలోనే తెలుస్తాయి.

డాక్‌లు, తీగలు, ఆంప్లిఫయర్ల విషయంలో చూడకుండా వినే పరీక్ష తప్పనిసరి. స్థాయులు సమం చేసి, ఇంట్లో ఒకరిని మార్చమని చెప్పి, ఏది మోగుతుందో తెలియకుండా గుర్తించే ప్రయత్నం చేయండి. 16 సార్లలో 12 సార్లు సరిగ్గా చెప్పగలిగితే, ఊరికే ఊహించి అలా చెప్పగలిగే అవకాశం సుమారు 4 శాతమే కనుక, తేడా వినిపించిందని రాయవచ్చు. 9 సార్లే సరైతే తేడా గుర్తించలేకపోయానని రాయండి. వెల ఎంతైనా సరే ఆ వాక్యం రాయగలిగే సమీక్షకుడే నమ్మదగినవాడు. వందల గంటలు మోగిస్తే ధ్వని మారుతుందన్న మాటను కూడా ఇదే జాగ్రత్తతో చూడాలి. ప్యాడ్లు మెత్తబడి అమరిక మారడం, మీ మెదడు కొత్త ధ్వనికి అలవాటు పడటం అన్న రెండు కారణాలూ తోసిపుచ్చిన తర్వాతే ఆ మాట అనండి.

కొలతల గ్రాఫులు

ఏ ఫ్రీక్వెన్సీ ఎంత గట్టిగా పలుకుతుందో చూపే గ్రాఫును, పరికరాన్ని విన్న తర్వాతే చూడండి. ఇయర్‌ఫోన్ల గ్రాఫుల్లో ఎక్కువ భాగం 711 అని పిలిచే కప్లర్ (చెవి నాళాన్ని అనుకరించే కొలత పరికరం) మీద తీసినవి. వాటిలో 8,000 హెర్ట్జ్ దగ్గర కనిపించే శిఖరం తరచుగా కప్లర్ అనునాదమే. 10,000 పైన ఆ గీతను నమ్మకండి. వేర్వేరు యంత్రాల మీద తీసిన గ్రాఫులను పక్కపక్కన పెట్టవద్దు. 3,000 హెర్ట్జ్ దగ్గర ఎత్తు ఉండటం దోషం కాదు, బయటి చెవి సహజంగా అక్కడ ధ్వనిని పెంచుతుంది కాబట్టి హెడ్‌ఫోన్ కూడా ఆ పెంపును ఇవ్వాలి. సీన్ ఆలివ్, టాడ్ వెల్టీ 2013 నుంచి ప్రచురించిన హర్మన్ అనే ఆడియో కంపెనీ పరిశోధనలు ఎక్కువమంది శ్రోతలకు నచ్చే వక్రరేఖను చూపాయి. అది సగటు అభిరుచి, మీ చెవి దానితో ఏకీభవించకపోతే ఆ సంగతి రాయడానికి సంకోచించవద్దు.

వెంట తీసుకెళ్లే పరికరాలు

ప్లేయర్లను, బ్లూటూత్ హెడ్‌ఫోన్లను బయట పరీక్షించాలి. శబ్దాన్ని అణచే హెడ్‌ఫోన్‌ను హనుమకొండ నుంచి కరీంనగర్ వెళ్లే ఆర్టీసీ బస్సులో పెట్టుకుంటే ఇంజను హోరు ఎంత తగ్గిందో, పక్కవారి మాటలు ఎంత మిగిలాయో వెంటనే తెలుస్తుంది. ఈ సాంకేతికత కింది స్థాయుల్లో బలంగా, మాటల స్థాయిలో బలహీనంగా పనిచేస్తుంది కనుక రెండింటినీ విడిగా రాయండి. బ్లూటూత్‌లో ధ్వనిని కుదించి పంపే ఎల్‌డాక్ కోడెక్ సెకనుకు 990 కిలోబిట్ల దాకా పంపగలదు, కానీ రద్దీ చోట 660కో 330కో పడిపోతుంది. బస్టాండులో ఫోన్‌ను వెనుక జేబులో పెట్టి, తెగుతుందా లేదా చూడండి. సీడీ ధ్వని సెకనుకు 1,411 కిలోబిట్లు గనుక 990 అయినా కొంత కుదింపే.

బ్యాటరీ పరీక్షకు శబ్ద స్థాయి, ఫైలు రకం, తెర ఆపి ఉందా, 3.5 మిల్లీమీటర్లదా 4.4 మిల్లీమీటర్లదా ఏ జాక్ వాడారు అన్నవి రాయకపోతే గంటల అంకెకు అర్థం లేదు. మన ఎండల్లో వేడి పరీక్ష కూడా చేయాలి, కానీ నిలిపిన కారులో లిథియం బ్యాటరీ పరికరాన్ని వదలకండి. సున్నితమైన ఇయర్‌ఫోన్ తగిలించి, పాట ఆపి, సన్నని సుయ్‌మనే చప్పుడు ఉందా వినండి. సర్వీసు ఎక్కడ ఉంది, కొరియర్ ఖర్చు ఎవరిది, వారంటీ ఈ దేశంలో చెల్లుతుందా అన్నవి అడిగి తెలుసుకొని రాయండి. దూరపు ఊళ్లవారికి ఇవి ధ్వనితో సమానమైన విషయాలు.

రాయడం

మీరు వాడే ప్రతి విశేషణం పక్కన ఒక ఆధారం ఉండాలి. 'మంద్రం గంభీరంగా ఉంది' అని వదిలేయకుండా, ఏ వాద్యంలో, రికార్డింగులో ఏ చోట, దేనితో పోలిస్తే అలా వినిపించిందో చెప్పండి. చదివేవారు అదే చోటు తమ పరికరంలో విని మీ మాటను సరిచూసుకోగలగాలి. నక్షత్రాలు, పదికి ఇన్ని మార్కులు వంటివి నేను సిఫారసు చేయను. ఒకే అంకెలో ధ్వని, సుఖం, వెల, మన్నిక కలిసిపోయి ఎవరికీ ఉపయోగపడకుండా పోతాయి. దానికి బదులు ఎవరు కొనాలో, ఎవరు కొనకూడదో చెప్పండి: రాత్రిళ్లు ఒంటరిగా కర్ణాటక గాత్రం వినేవారికి ఒక సమాధానం, బస్సులో సినిమా పాటలు వినేవారికి మరో సమాధానం ఉంటుంది.

వెలను రూపాయల్లో, పన్నులతో సహా, మీరు చూసిన తేదీతో రాయండి. పావు వంతు వెలకు దొరికే పరికరంతో కూడా పోల్చి, మిగిలిన ముప్పావు వంతు దేనికి పోతుందో చెప్పండి. కొన్నిసార్లు అది తయారీ నాణ్యతకు, విడిభాగాలు దొరకడానికి పోతుంది, కొన్నిసార్లు ధ్వనిలో నిజమైన మెరుగుదలకు, మరికొన్నిసార్లు పెట్టెకూ పేరుకూ. మీ చెవుల పరిమితి, వాడిన టిప్పులు లేదా ప్యాడ్లు, ప్లేయర్, శబ్ద స్థాయి, విన్న చోటు ఒకే పేరాలో చివర ఇవ్వండి.

పరికరం మీ దగ్గరే ఉంటే ఒక వానాకాలం గడిచాక సమీక్షను మళ్లీ తెరవండి. తేమకు జల్లెడలో నీటిచుక్క పట్టిందా, ప్యాడ్ తోలు పొరలు లేస్తుందా, తీగ గట్టిపడిందా, చెమటకు లోహపు ప్లగ్గు నల్లబడిందా చూసి, తేదీ వేసి కింద చేర్చండి. పాత వాక్యాలను చెరపకుండా ఉంచి, మారిన అభిప్రాయాన్ని విడిగా రాయండి. ప్యాడ్లు మార్చవలసి వస్తే కొత్తవాటి వెల, అవి దొరకడానికి పట్టిన సమయం కూడా అక్కడే నమోదు చేయండి.